టైపక్క ఖండన ఫైలు

మున్సిపల్ ఆఫీసు పక్క సందులో, ఆఫీసు గోడకు వీపు ఆనించుకుని వరసగా ఏడు కొట్లున్నాయి. నాలుగోది టైపక్కది. ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ, గోడకు వేలాడే లైసెన్సు కాగితం మీద తప్ప అది ఇంకెక్కడా కనబడదు. ముప్ఫై ఏళ్ళ కిందట టైపు మిషను ముందు కూర్చుంది, టైపక్క అయింది. మిషను పోయి కంప్యూటర్ వచ్చింది, అయినా టైపక్కే. రేపు మనిషి అనుకోగానే అచ్చయ్యే యంత్రం వచ్చినా ఆవిడ టైపక్కే అవుతుంది, అందులో అనుమానం లేదు.

కొట్టు పది అడుగుల గది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మిషను, ఒక స్టూలు, ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు కూర్చుని ఉండే బెంచీ. ఎదురుగా విలేకరుల గది. అందువల్ల ఊళ్ళో ఏ నాయకుడు నోరు విప్పాలన్నా, ఆ నోట్లోకి వెళ్ళే మాట ముందు టైపక్క వేళ్ళ మీదుగా వెళ్ళాలి. ఈ ఊళ్ళో పార్టీలు రెండు, టైపింగు కొట్టు ఒక్కటే. చైర్మన్ గారి మనుషులు బెంచీకి ఈ చివర, మాజీ చైర్మన్ గారి మనుషులు ఆ చివర కూర్చుంటారు. ఒకరి కాగితం ఒకరికి చూపించిన పాపాన టైపక్క ఏనాడూ పోలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఆవిడకు బాగా తెలుసు.

ఆవిడ కంప్యూటర్లో 'ఖండన' అని ఒక ఫైలుంది. నాయకులు ఎక్కువగా చేసే పని ఖండించడమే కదా. ఆ ఫైల్లో ఒక్కో నాయకుడికి ఒక్కో అర. ఖండనను మొదటి అక్షరం నుంచి కొత్తగా టైపు చేయడం టైపక్క ఎరగదు. ఆ నాయకుడిదే పాత ఖండన తెరుస్తుంది. ముందు పేరు, చోటు, తేదీ మార్చి మొదటి నకలుగా దాస్తుంది. ఆ తర్వాత తీరిగ్గా మాటలు మార్చి రెండో నకలు, మూడో నకలు. ఎన్ని నకళ్ళు తిరిగినా 'తీవ్రంగా' అన్న మాటను మాత్రం కదిపిన వాళ్ళు లేరు. మెత్తగా ఖండించే నాయకుణ్ణి ఈ ఊరు ఇంతవరకూ చూడలేదు.

"నేను మనిషిని చూసి టికెట్టు కొట్టను, దూరాన్ని చూసి కొడతాను. మీ నాయకులు దూరాన్ని చూడరు, మనిషిని చూసే కొడతారు" అంటాడు ఆవిడ మొగుడు. ఆయన సిటీ బస్సు కండక్టరు. పొద్దుటి డ్యూటీ దిగి, మూడింటికి కొట్టుకొచ్చి స్టూలు మీద కూర్చుని లోకాన్ని తిట్టడం ఆయన రెండో ఉద్యోగం.

ఇక మెకానిక్ సంగతి. టైపక్క జిరాక్స్ మిషను ముసలి ప్రాణం. మూడు నెలలకోసారి రోలరు బిగుసుకుపోతుంది, కాగితాన్ని నమిలి ఉమ్మేస్తుంది. దాని గుట్టు తెలిసినవాడు ఊరు మొత్తం మీద అతనొక్కడే. వచ్చి చేత్తో ఇలా తట్టి, చెవి ఆనించి, "దీనికి జబ్బేం లేదక్కా, అలిగింది, అంతే" అంటాడు. అరగంటలో అలక తీరుస్తాడు. పదకొండేళ్ళుగా అక్కా అంటే అక్క, తమ్ముడూ అంటే తమ్ముడు.

అతనుండేది రైలు పట్టాల అవతల, రేవు వాడలో. నాలుగు తరాల కిందట ఓడల్లో మూటలు మోయడానికని ఎక్కడి నుంచో తెచ్చిన జనం వాళ్ళు. నల్లటి ఒళ్ళు, బిగుతైన ఉంగరాల జుట్టు, మంచి ఒడ్డూ పొడుగూ. అతనూ, అతని తండ్రీ, తాతా పుట్టింది ఈ ఊళ్ళోనే. అయినా కొత్త ఆఫీసులో అడుగు పెడితే చాలు, "మీదే దేశం?" అని అడుగుతారు. "పట్టాల అవతలి దేశమండీ. గేటు వేస్తే ఆగిపోతాను" అంటాడు. నవ్వుతూనే అంటాడు గానీ, ఎన్నేళ్ళని నవ్వుతాడు చెప్పండి.

ఆ బుధవారం మధ్యాహ్నం రెండున్నరకు మెకానిక్ ఐదో కొట్టు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఆ కొట్టు వాళ్ళు భోజనానికి వెళ్ళారు. ఒళ్ళో పనిముట్ల సంచి పెట్టుకుని వాళ్ళ కోసం చూస్తున్నాడు. నలుగురు కుర్రాళ్ళు వచ్చారు. చైర్మన్ గారి యువసేన కండువాలు మెడలో ఉన్నాయి. "ఇక్కడేం పని నీకు? సంచిలో ఏముంది? ఎవడింట్లో కొట్టుకొచ్చావు?" అన్నారు. అతను సంచి తెరిచి చూపించాడు. చూసి ఊరుకుంటే వాళ్ళు కుర్రాళ్ళెందుకవుతారు? సంచిని కాలవలో బోర్లించారు. "నీ రంగు వాళ్ళకి ఈ సందులో పనేంటి" అన్నాడొకడు. మెకానిక్ లేచి నిలబడ్డాడు. నిలబడినందుకు కొట్టారు.

టైపక్క అద్దం వెనక నుంచి ఇదంతా చూసింది. కుర్చీలోంచి లేచింది కూడా. లేచింది కదా, బయటికి వెళ్ళిందనుకుంటారేమో. వెళ్ళలేదు. షట్టర్ కిందికి లాగేసింది. ఆ స్థలం మున్సిపాలిటీది. లైసెన్సు ఏటా చైర్మన్ గారి సంతకంతో కొత్తదవుతుంది. అవన్నీ ఆలోచించి లాగిందా అంటే అదీ లేదు. చెయ్యి ముందు లాగింది, ఆలోచన వెనకాల వచ్చింది. చీకటి గదిలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, బయట చప్పుడు ఆగేదాకా నిలబడింది. షట్టర్ ఎత్తేసరికి సందులో ఎవరూ లేరు. రెండో కొట్టు వాళ్ళెవరో అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. కనుబొమ మీద మూడు కుట్లు, ఎడమ మణికట్టు వాపు.

ఆ సాయంత్రం మొగుడికి అంతా చెప్పింది. లోకంలో దేనికైనా తిట్టు సిద్ధంగా ఉంచుకునే ఆ మనిషి చొక్కా జేబులో చిల్లర తీసి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

"నా బస్సులో అయితే నేనేం చేసేవాణ్ణో నాకూ తెలీదు" అన్నాడు చివరికి.

"తెలీదంటే ఏంటండీ?"

"తెలీదంటే తెలీదనే."

ఆవిడకు ఆ మాట ఓదార్పుగా లేదు. ఓదార్పు కావాలని అడిగే ముఖం కూడా తనకు లేదనుకుంది.

గురువారం నుంచి బెంచీ కిటకిటలాడింది. ముందు చైర్మన్ గారి పి.ఎ. వచ్చాడు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి, గొడుగు మాత్రం ఎప్పుడూ చైర్మన్ గారి నెత్తి మీదే ఉంటుంది.

"ఇప్పుడే ఏం టైపు చెయ్యకండి టైపక్కా. గాలి ఎటు వీస్తుందో చూద్దాం."

గంట తర్వాత మళ్ళీ వచ్చి 'దాడి' అని వేయమన్నాడు. ఇంకో గంటకు 'ఘటన' అన్నాడు. మధ్యాహ్నానికి అది 'వాగ్వాదం' అయింది. సాయంత్రం వచ్చి, "యువకుల మధ్య చిన్న అపార్థం అని వెయ్యండి. పార్కింగ్ గురించి అని కూడా కలపండి" అన్నాడు.

"అతనికి బండే లేదు కదండీ. నడిచొస్తాడు."

"పార్కింగ్ అంటే ఎవరికీ కోపం రాదు టైపక్కా, ఎవరైనా నమ్ముతారు. రేవు వాడలో మనకొచ్చే ఓట్లు మహా అయితే ఆరు వేలు. ఆ కుర్రాళ్ళ పేటలో పదకొండు వేలు, పైగా జెండాలు మోసేది వాళ్ళు. మూడు నెలల్లో ఎన్నికలు. మీరే చెప్పండి, నేనేం చెయ్యను?"

అతను మనస్ఫూర్తిగా అడిగాడు. ఆరు వేలకూ పదకొండు వేలకూ మధ్య ఒక మనిషి కనుబొమ ఉందని అతనికి నిజంగానే తట్టలేదు.

అతనటు వెళ్ళాడో లేదో ఇటు మాజీ చైర్మన్ గారి మేనల్లుడు దిగాడు. సంబరంగా ఉన్నాడు. "టైపక్కా, 'జాత్యహంకారం' అనే మాట పేరాకి రెండుసార్లు పడాలి. అక్షరాలు పెద్దవి వెయ్యండి, మామయ్యకి ఆవేశంలో కళ్ళజోడు జారిపోతుంది. ఇంతకీ ఆ మెకానిక్‌కి కుట్లెన్ని?"

"మూడు."

"మూడేనా?" అన్నాడు దిగులుగా. కాసేపాగి, "పోనీ, 'పలు కుట్లు' అని వెయ్యండి" అన్నాడు.

నిజానికి రెండేళ్ళ కిందట ఇదే బెంచీ మీద ఇదే కథ నడిచింది. అప్పుడు దెబ్బ తగిలింది రేవు వాడ నర్సుకు. ఆమె పక్కన కూర్చునేది లేదని కొందరు గొడవ చేసి, ఆమెను బస్సులోంచి తోసేశారు. అప్పటికింకా అవిశ్వాసం పెట్టి దించలేదు గనక మాజీ చైర్మన్ గారు మాజీ కాదు, చైర్మనే. తోసినవాళ్ళు ఆయన పేట వాళ్ళు. అందుకని ఆయన, "ఇది చిన్న అపార్థం, గోరంతను కొండంత చేయకండి" అని సెలవిచ్చారు. ఇప్పటి చైర్మన్ గారు అప్పుడు ప్రతిపక్షం. ఆయన బల్ల గుద్ది, "ఇది పచ్చి జాత్యహంకారం, దోషులను పట్టుకోలేని ఈ అసమర్థ చైర్మన్ తక్షణం రాజీనామా చేయాలి" అన్నారు. నర్సు సంగతి ఏమైందంటారా? ఆమె వేరే ఊరు వెళ్ళిపోయింది. ప్రకటనలు మాత్రం టైపక్క ఖండన ఫైల్లో, ఎవరి అరలో వారివి, భద్రంగా ఉన్నాయి.

శుక్రవారం పదింటికి కరెంటు పోయింది. పదిన్నరకు వచ్చింది. పదకొండింటికి విలేకరుల గదిలో చైర్మన్ గారు, పదకొండున్నరకు అక్కడే మాజీ చైర్మన్ గారు మాట్లాడాలి. పి.ఎ. కుడి భుజం మీదుగా, మేనల్లుడు ఎడమ భుజం మీదుగా కంప్యూటర్లోకి తొంగి చూస్తూ "అయిందా? అయిందా?" అని ప్రాణం తోడేస్తున్నారు. ఒకరిది ఒకరు చూడకుండా టైపక్క తెరను అటూ ఇటూ తిప్పుతోంది. పైగా రెండు రాత్రులుగా నిద్ర లేదు. కళ్ళు మూస్తే షట్టరే కనబడుతోంది. ఆ హడావిడిలో ముప్ఫై ఏళ్ళలో చేయని తప్పు చేసింది. ఇద్దరికీ ఆఖరి నకలు బదులు మొదటి నకలు అచ్చు తీసి ఇచ్చేసింది. పేరు మెకానిక్‌ది, చోటు ఈ సందు, తేదీ బుధవారం. మాటలు మాత్రం రెండేళ్ళ కిందటివి.

ముందుగా చదువుకుని ఉంటే ఆ తప్పు తప్పేది. కానీ ఈ ఊరి నాయకులకు కాగితం ముందుగా చదివే అలవాటు లేదు. అది వాళ్ళకు నామోషీ.

చైర్మన్ గారు గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. "ఇది పచ్చి జాత్యహంకారం" అన్నారు. విలేకరులు తలలెత్తారు. "ఆ సోదరి కన్నీరు వృథా పోదు" అన్నారు. అప్పటికైనా అనుమానం రావాలి, రాలేదు. చప్పట్లు వినబడే కొద్దీ ఆయనకు ఊపొచ్చింది. బల్ల గుద్ది, "దోషులను పట్టుకోలేని ఈ అసమర్థ చైర్మన్ తక్షణం రాజీనామా చేయాలి!" అని ముగించారు.

"సార్, ఎవరు చెయ్యాలి?" అన్నాడు వెనక వరసలో ఒక విలేకరి.

"చైర్మన్!"

"మీరే కదా సార్?"

చైర్మన్ గారు కాగితం వంక చూశారు, పి.ఎ. వంక చూశారు, పైన తిరిగే ఫ్యాను వంక చూశారు. ఆ తర్వాత ఆయనకు అర్జెంటు పని గుర్తొచ్చింది.

అరగంట తర్వాత మాజీ గారు అదే కుర్చీలో కూర్చున్నారు. కళ్ళజోడు జారేంత ఆవేశం తెచ్చుకుని, "ఇది చిన్న అపార్థం!" అని గర్జించారు. మేనల్లుడు గోడకు చేరగిలబడ్డాడు. "గోరంతను కొండంత చేయకండి!" అని పిడికిలి ఎత్తి మరీ అన్నారాయన. అంత కోపంగా శాంతి బోధించిన నాయకుణ్ణి విలేకరులు అదివరకు చూడలేదు.

ఊరు రెండు రోజులు కడుపు పట్టుకుని నవ్వింది. ఆ నవ్వులో ఒక మంచి కూడా జరిగింది. స్టేషన్ ఇన్‌స్పెక్టర్ గారికి ఒక పద్ధతుంది. ఏ గొడవలోనైనా చైర్మన్ గారు ఏమంటారో టీవీలో చూసి గానీ కలం తీయరు. శుక్రవారం ఆయన మొదటి సగం చూశారు, 'జాత్యహంకారం' విన్నారు, జీపెక్కారు. మిగతా సగం వినేలోపే నలుగురు కుర్రాళ్ళు స్టేషన్ బెంచీ మీద ఉన్నారు, కేసు పుస్తకంలో ఉంది.

శనివారం పొద్దున మిషను మళ్ళీ బిగుసుకుంది. టైపక్క ఫోను చేతిలో పట్టుకుని గంటసేపు తటపటాయించి, మెకానిక్‌కి చేసింది. రాడేమో అనుకుంది. రాకపోతే బాగుండునని కూడా అనుకుంది. అతను వచ్చాడు. కనుబొమ మీద పట్టీ, చేతిలో ఎవరిదో అరువు తెచ్చుకున్న స్క్రూడ్రైవర్లు.

"టీవీ చూశావా అక్కా? చైర్మన్ గారికి నేను సోదరినయ్యాను" అన్నాడు మిషను వెనక వెల్లకిలా పడుకుంటూ. "ఇద్దరూ మనుషుల్ని పంపారు, పక్కన నిలబడితే ఫోటో తీసుకుంటామని. నా పనిముట్లు కాలవలో పోయాయి, అవి తీయించండి, అప్పుడు నిలబడతానన్నాను. మళ్ళీ రాలేదు."

"స్టేషన్లో ఏమంటున్నారు తమ్ముడూ?"

"చూసినవాళ్ళు కావాలంటున్నారు. ఏడు కొట్లలోనూ అడిగారట. ఎవరూ చూడలేదట. అందరూ భోజనంలో ఉన్నారట." అతని గొంతు మిషను కింద నుంచి వస్తోంది. "ఇవాళ సాయంత్రం ఐదు లోపల సాక్ష్యం లేకపోతే మందలించి వదిలేస్తారట. వదిలేస్తే నేనీ వైపు పనులు మానుకోవాలక్కా. రోజూ ఈ సందులోంచేగా నడవాలి."

టైపక్కను కూడా శుక్రవారం సాయంత్రం ఒక కానిస్టేబుల్ అడిగాడు. 'నేను లోపలున్నాను' అంది ఆవిడ. అది అబద్ధం కాదు. అందుకే అది మరీ సిగ్గుచేటు. ఇప్పుడు ఇతను 'నువ్వు చూశావా' అని అడుగుతాడని ఎదురుచూసింది. అడగలేదు. రోలరు గురించి ఏదో చెప్పాడు. అడిగితే నీళ్ళు నమిలేది. అడగకపోయేసరికి నమలడానికి నీళ్ళు కూడా లేకపోయాయి. ఈ మనిషిని తను తమ్ముడని పిలుస్తోంది. ఆ పిలుపు మీద ఆవిడకే కోపమొచ్చింది.

సరిగ్గా అప్పుడే పి.ఎ. లోపలికొచ్చాడు. ఒక్క రోజులో నాలుగు కిలోలు తగ్గినట్టున్నాడు. మిషను వెనక నుంచి బయటికున్న కాళ్ళను చూశాడు గానీ కాళ్ళను చూసి ఎవరు పోల్చుకుంటారు?

"టైపక్కా, మీ వల్ల మా కొంప కొల్లేరయింది. సరే, అయ్యిందేదో అయ్యింది. ఇప్పుడొక వివరణ టైపు చేసి, మీరు సంతకం పెట్టాలి. ఆ కాగితం పూర్తిగా టైపింగు పొరపాటు, అందులో మాటలు చైర్మన్ గారివి కావు అని. అది టీవీలో చదివిస్తాం. ఇన్‌స్పెక్టర్ గారు కూడా దాని కోసమే చూస్తున్నారు. సాక్షులెలాగూ లేరు. పాము చావకుండా కర్ర విరగకుండా సాయంత్రానికి తేలిపోతుంది."

"పొరపాటు నాదే. రాస్తాను" అంది టైపక్క.

మిషను వెనక స్క్రూడ్రైవర్ చప్పుడు ఆగింది.

టైపక్క కొత్త కాగితం తెరిచింది. ఖండన ఫైలు జోలికి పోలేదు. ఐదు నిమిషాల్లో టైపు చేసి, అచ్చు తీసి ఇచ్చింది. పి.ఎ. పైకి చదవడం మొదలుపెట్టాడు.

"'చైర్మన్ గారు చదివిన కాగితం టైపు చేసింది నేనే. కొత్త కాగితం బదులు పాతది ఇవ్వడం నా పొరపాటే. అందులో మాటలు నావి కావు. రెండేళ్ళ కిందట, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు, నర్సు విషయంలో చైర్మన్ గారే చెప్పినవి. నేను పేరు, చోటు, తేదీ మాత్రం మార్చాను. మాజీ చైర్మన్ గారు చదివినది కూడా అప్పట్లో ఆయన చెప్పినదే. ఇద్దరి పాత కాగితాలూ నా దగ్గరున్నాయి, ఎవరడిగినా చూపిస్తాను...'" అతని గొంతు సన్నబడింది. "ఏంటిది టైపక్కా?"

"తప్పెలా జరిగిందో చెప్పమన్నారుగా."

"ఇంత చెప్పమనలేదు!"

"ఇందులో ఏది అబద్ధమో చెప్పండి, తీసేస్తాను."

పి.ఎ. మళ్ళీ చదివాడు. మూడోసారి కూడా చదివాడు. తీసేయడానికి ఏమీ దొరకలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

"వివరణ వద్దులెండి. అసలేమీ మాట్లాడకపోవడమే మంచిది" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. గోడ మీది లైసెన్సు వంక చూసి, "వచ్చే నెలే కదూ ఇది?" అన్నాడు.

"వచ్చే నెలే" అంది టైపక్క. అతను సందు మలుపు తిరిగేదాకా కుర్చీ చేతిని వదల్లేదు. ఆవిడేమీ వీరనారి కాదు.

అతను వెళ్ళాక మళ్ళీ కీబోర్డు మీద చేతులు పెట్టింది. ఈసారి ఐదు నిమిషాల్లో కాలేదు. అరగంట పట్టింది. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో అందరి మాటలూ చకచకా కొట్టిన వేళ్ళు తన మాట దగ్గరికొచ్చేసరికి అక్షరాలు వెతుక్కున్నాయి. మెకానిక్ మిషను మూత బిగించి, చేతులు తుడుచుకుని, స్టూలు మీద కూర్చున్నాడు. 

అచ్చు తీసి అతని చేతికిచ్చింది. ఇచ్చి ముఖం పక్కకు తిప్పుకుంది.

అతను చదివాడు. బుధవారం రెండున్నర, ఐదో కొట్టు మెట్లు, నలుగురు, వాళ్ళ కండువాలు, సంచి, కాలవ, రంగు గురించి అన్న మాట, ఎవడు ముందు కొట్టాడు. చివర రెండు వాక్యాలు. 'నేను కుర్చీలోంచి లేచి షట్టర్ దించేశాను. చప్పుడు ఆగేదాకా ఎత్తలేదు.'

"నాకు తెలుసక్కా" అన్నాడు. "షట్టర్ దిగిన చప్పుడు విన్నాను."

టైపక్కకు కళ్ళనీళ్ళు గిర్రున తిరిగాయి. "తెలిసి కూడా ఎందుకొచ్చావు? ఎందుకడగలేదు?"

"నీ అంతట నువ్వు చెప్తే సాక్ష్యం. నేనడిగితే అడుక్కోవడం." కాగితం జాగ్రత్తగా తిరిగి ఇచ్చాడు. "కోపం రాలేదనుకోకు. వచ్చింది. ఇంకా ఉంది."

"ఉండాలి" అంది టైపక్క.

మూడింటికి మొగుడొచ్చాడు. కాగితం చదివాడు, భార్య ముఖం చూశాడు, మెకానిక్ కనుబొమ చూశాడు. లోకాన్ని తిట్టలేదు. "నేను కొట్లో కూర్చుంటాను, మీరు పదండి. ఎవరైనా ఖండించడానికొస్తే రేపు రమ్మంటాను" అన్నాడు.

ఇద్దరూ సందు దాటి, రోడ్డు దాటి స్టేషన్‌కు నడిచారు. దారిలో కొట్ల వాళ్ళు చూశారు. కొందరు చూడనట్టు చూశారు. స్టేషన్ గోడ గడియారంలో నాలుగుంపావు. బెంచీ మీద నలుగురు కుర్రాళ్ళు ఫోన్లు లేక బిక్కమొహాలు వేసుకుని ఉన్నారు. స్టేషన్ రాతపని చూసే కానిస్టేబుల్ కాగితం అందుకుని చివరిదాకా చదివాడు. మంచివాడే, ఆవిడ చేత ఎన్నోసార్లు సెలవు చీటీలు టైపు చేయించుకున్నాడు. గొంతు తగ్గించి అన్నాడు.

"టైపక్కా, సాక్ష్యం బాగా రాశారు. ఆఖరి రెండు వాక్యాలే... ఆ షట్టర్ సంగతి తీసేద్దాం. కేసుకి దాంతో పని లేదు. ఊరికే మీకు చెడ్డపేరు."

"ఉండనివ్వు బాబూ" అంది టైపక్క. "అది తీసేస్తే ఇదీ ఒక ప్రకటనే అవుతుంది."

కానిస్టేబుల్ కలం అందించాడు. ఆవిడ కింద తన పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది. మెకానిక్ ఆ పేరు చదివాడు, పదకొండేళ్ళలో మొదటిసారి.